లెక్కకెక్కని నడక

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. సంతోషమే. కానీ బడి విడిచే వేళకు బస్సే రాని ఊళ్ళో జీరో టిక్కెట్టు ఎవరికి?

రూటు వేసేటప్పుడు ఆర్టీసీ సీట్లెన్ని నిండుతాయో, కిలోమీటరుకు డీజిలు, జీతాలు కలిపి ఎంతవుతుందో చూస్తుంది. లోపలి పల్లెకు తిరక్కుండా బస్సు మెయిన్ రోడ్డు మీదే పోతే ఖర్చు మిగులుతుంది, నిజమే. అలా మిగిల్చిన దూరమంతా పిల్లలు నడవాలి. మగపిల్లాడికి ఎలాగో సైకిలు కొంటారు. ఆడపిల్లను, చీకటి పడుతోందని, బడి మాన్పిస్తారు. 2009 విద్యాహక్కు చట్టమా, 14 ఏళ్ళతో సరి. హైస్కూలు చదువు సగంలో ఉండగానే!

డిపో మేనేజరుకిచ్చే అర్జీలో "బస్సు కావాలి" అని ఊరుకోకండి. ఏ ఊరి నుంచి ఎందరు, బడి ఎన్నింటికి విడుస్తారు, స్టాపుకెంత నడక, అన్నీ రాయండి. నష్టమంటారా, దాన్ని ప్రభుత్వం భరించాలనీ అందులోనే రాయండి.