జెర్రి గుర్తింపు: ఛాయాచిత్రంలో కనిపించని ఏడవ ఖండితం

తొలకరి పడిన వారం పది రోజుల్లో నగరపు అంచు కాలనీల నుంచి విస్తరణ శాస్త్రవేత్తల ఫోన్లకు చేరే చిత్రాల్లో జెర్రి బొమ్మ ఒకటైనా ఉంటుంది. ప్రగతి నగర్ అందుకు మంచి ఉదాహరణ. ఒకవైపు అంబీర్ చెరువు, మిగిలిన అన్ని వైపులా అపార్ట్‌మెంట్లు. నడుమ ఇంకా చదును కాని రాతి నేల, మేడలమీద కుండీల తోటలు. చిత్రంతోపాటు రెండు ప్రశ్నలు వస్తాయి: ఇదేమిటి, దీనికి ఏ మందు కొట్టాలి?

రెండవ ప్రశ్నకు జవాబు సులభం. ఏ మందూ అక్కరలేదు. జెర్రి మాంసాహారి, బొద్దింకలను, పురుగులను వేటాడి తింటుంది, మొక్కను కొరకదు. కుట్టితే నొప్పి తీవ్రమే గాని, కుండీ ఎత్తేటప్పుడు, ఎరువు కుప్ప తిరగేసేటప్పుడు చేతికి తొడుగు ఉంటే చాలు. చిక్కు మొదటి ప్రశ్న దగ్గరే. అడిగినవారికి జవాబు చెప్పాలన్న మర్యాద కొద్దీ, రంగు చూసి ‘స్కోలోపెండ్రా మార్సిటాన్స్’ అని ఒక లాటిన్ పేరు రాసి పంపడం పరిపాటి అయింది. ఆ పేరు అక్కడితో ఆగదు. కాలనీ బృందంలో తిరుగుతుంది, విద్యార్థి ప్రాజెక్టు నివేదికలోకి ఎక్కుతుంది, కొన్నేళ్ళకు ‘ఈ ప్రాంతంలో నమోదైన జాతి’గా ఉటంకింపు పొందుతుంది. చిత్రం ఆధారంగా జాతి నామం ప్రకటించడం విస్తరణ సేవ కాదు. దాన్ని మానుకోవడమే సేవ.

రంగును నమ్మరాదనడానికి ఆ మార్సిటాన్సే సాక్ష్యం. ఒకే జాతిలో పసుపుపచ్చ, గోధుమ, ఆకుపచ్చ ఛాయలు కనిపిస్తాయి. ఫలకాల వెనుక అంచున నల్లని పట్టీ కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. నలుపు, నారింజ పట్టీలు ఒకదాని తర్వాత ఒకటిగా ఉండే స్కోలోపెండ్రా హార్డ్‌విక్కీ విషయంలో చిత్రం కొంత దారి చూపవచ్చు. అటువంటివి అరుదు. తక్కిన వాటిలో నిర్ణయం చెప్పేది శరీర నిర్మాణం ఒక్కటే.

పని కాళ్ళ లెక్కతో మొదలవుతుంది. ఒక్కో ఖండితానికి రెండు జతల కాళ్ళుంటే అది రోకలిబండ, కుళ్ళిన ఆకు తినే సాధు జీవి. ఒక్క జతే ఉంటే జెర్రి. ఈ మొదటి మెట్టు దగ్గరే తప్పటడుగులు పడుతుండటం, ప్రమాదం లేని రోకలిబండల మీద మందు చల్లడం విచారకరం. జెర్రులలో కాళ్ళ జతల సంఖ్య ఎప్పుడూ బేసి. స్కూటిజెరా, లిథోబియస్‌లకు 15 జతలు. దారంలా సన్నగా ఉండే జియోఫిలస్ వర్గపు వాటికి 27 నుంచి 191 వరకు. మన నేలలో పెద్దవిగా కనిపించే స్కోలోపెండ్రిడే కుటుంబానికి 21. నూరు కాళ్ళు కావాలంటే 50 జతలుండాలి, అది సరి సంఖ్య. శతపాది అన్న పేరుకు అక్షరాలా సరిపోయే జీవి లేనే లేదన్నమాట.

స్కోలోపెండ్రిడే అని తేలాక చూడవలసినవి శ్వాసరంధ్రాలు. అవి శరీరపు పక్క భాగంలో ఉంటాయి, పైనుంచి తీసిన చిత్రంలో కనిపించవు. స్కోలోపెండ్రా, కార్మోసెఫాలస్‌లలో రంధ్రం త్రికోణపు చీలికలా ఉండి లోపల కవాటాల వంటి మడతలు కలిగి ఉంటుంది. రైసిడా, ఒటోస్టిగ్మస్, ఎత్మోస్టిగ్మస్‌లలో గుండ్రంగానో అండాకారంగానో తెరుచుకొని ఉంటుంది. ఎత్మోస్టిగ్మస్ అన్న పేరుకు జల్లెడ వంటి రంధ్రం గలదని అర్థం. తర్వాతి ప్రశ్న ఏడవ ఖండితానిది. రంధ్రాలు సాధారణంగా 3, 5, 8, 10 ఇలా ఇరవై వరకు నడుస్తాయి. ఏడవ ఖండితంలో కూడా రంధ్రం ఉంటే రైసిడా లేదా ఎత్మోస్టిగ్మస్. లేకుంటే ఒటోస్టిగ్మస్ లేదా డిజిటైపిస్. పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం ఉంటే, ఎదిగిన నమూనాలో ఈ తేడా పట్టడానికి అయిదు నిమిషాలు చాలు. ప్రజాతి వరకు రావడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదన్న మాట విద్యార్థులకు ముందుగా చెప్పాలి.

జాతి దగ్గరే అసలు కష్టం. అక్కడ చివరి కాళ్ళ జత ప్రధానమవుతుంది: పూర్వ ఊరు ఖండం మీద ముళ్ళెన్ని, ఏ వరుసలో ఉన్నాయి, కాలి మొదట పక్క భాగంలో పొడుచుకొచ్చిన కొమ్ము ఎంత పొడవు, దాని కొసన ముల్లు ఉందా లేదా. డిజిటైపిస్‌కు ఆ పేరు రావడానికి కారణమైన వేలు వంటి పొడుగు మగజీవి చివరి కాలి ఊరు ఖండానికే ఉంటుంది. ఆడజీవి ఒక్కటే దొరికితే నిర్ణయం అంత తేలిక కాదు. నూరు కాళ్ళ జెర్రికి ఒక కాలు విరిగితే లెక్కేమిటన్న సామెత లోకవ్యవహారంలో చెల్లుతుంది, వర్గీకరణలో చెల్లదు. చెప్పుతోనో చీపురుతోనో కొట్టి తెచ్చిన నమూనాలో మొదట పోయేవి ఆ చివరి కాళ్ళే. ఊడి మళ్ళీ మొలిచిన కాలిలో ముళ్ళ లెక్క తప్పవచ్చు కూడా. అందుకే రెండు కాళ్ళూ పోల్చి చూడాలి.

ఇంత శ్రమ ఎందుకు, డిఎన్‌ఏ వరుస చూస్తే తేలిపోదా అన్న అభ్యంతరం ఉంది. ఈ వాదనను తేలికగా కొట్టివేయరాదు. పశ్చిమ కనుమల డిజిటైపిస్ మీద జరిగిన పరిశోధనల్లో రూపంలో ఒకటిగా తోచిన వాటి లోపల వేర్వేరు వంశశాఖలు బయటపడ్డాయి. అయితే ఆ కథ అక్కడ ముగియలేదు. 2013లో జాహ్నవి జోషి, గ్రెగరీ ఎడ్జ్‌కోంబ్ ఆ ప్రజాతిని పునఃసమీక్షించినప్పుడు అణుస్థాయి అంచనాలను, శరీర లక్షణాలను పక్కపక్కన పెట్టి పొసగించే పని చేశారు. 2020లో రైసిడా మీద వెలువడిన సమీక్ష కూడా ఆ బాటలోనే సాగింది. అందులో వర్ణించిన కొత్త జాతులలో ఒకదాని పేరు రైసిడా కొండ. ఆ పేరును తెలుగు పాఠకుడికి విడమరచి చెప్పనక్కరలేదు. జోషి ఇప్పుడు పనిచేస్తున్నది హబ్సిగూడలోని సిసిఎంబిలో, అంటే ప్రగతి నగర్ ఉన్న నగరంలోనే. డిఎన్‌ఏ వరుసకు అర్థం రావాలంటే అది ఏ శరీరం నుంచి వచ్చిందో ఆ శరీరం సీసాలో భద్రంగా ఉండాలి.

పేర్లు మారినా నిర్మాణ వర్ణన నిలుస్తుందనడానికి పాత ఉదాహరణ కూడా ఉంది. బి.ఎస్. జంగీ 1966లో భారతీయ జంతుశాస్త్ర గ్రంథమాలలో జెర్రి శరీర నిర్మాణం మీద పుస్తకం ప్రచురించారు. ఆయన స్కోలోపెండ్రా అమెజోనికా అని పిలిచిన దాన్ని నేడు మార్సిటాన్స్‌కు పర్యాయనామంగానే లెక్కిస్తున్నారు. పేరు పోయింది, వర్ణన మాత్రం నేటికీ పనికి వస్తూనే ఉంది. ఆయనే దాస్‌తో కలిసి 1984లో దక్కను స్కోలోపెండ్రిడేల మీద రాసిన వ్యాసం ఈ నేలకు సంబంధించి నేటికీ తప్పక తిరగేయవలసినది.

ప్రగతి నగర్ వంటి చోట మరొక ముడి ఉంది. మేడమీది కుండీలో దొరికిన జెర్రి ఈ రాతి నేలదేనా? కడియం నర్సరీల మొక్కలు వేరు మట్టితో సహా లారీలలో నగరానికి వస్తాయి. ఎర్రమట్టి ఒకచోటు నుంచి, పశువుల ఎరువు మరొకచోటు నుంచి వస్తాయి. మట్టి ముద్దలో ఒక జెర్రి వందల కిలోమీటర్లు ప్రయాణించడానికి ఇంతకన్నా సదుపాయం ఉండదు. మార్సిటాన్స్, రైసిడా లాంజిపెస్ ఉష్ణమండలమంతటా వ్యాపించడంలో మనుషుల రవాణాకు పాత్ర ఉందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. కుండీలోని జెర్రిని ‘హైదరాబాదు అడవి జాతి’గా నమోదు చేస్తే, గచ్చుబావులూ రహదారులూ రాకముందు ఈ గుట్టల పొదల్లో ఏముండేదో తెలుసుకునే అవకాశం చెడిపోతుంది. గుట్టలు ఎలాగూ కరుగుతున్నాయి. రికార్డయినా నిక్కచ్చిగా ఉండాలి.

విస్తరణ శాస్త్రవేత్తకు తీరిక ఎక్కడిదన్న మాట న్యాయమైనదే. పత్తిలో గులాబీరంగు పురుగు, వరిలో కాండం తొలుచు పురుగు ఉండగా జెర్రి ముళ్ళు లెక్కపెట్టమనడం అతిగా తోచవచ్చు. ఆయన నుంచి కోరదగినది అంత పెద్ద పని కాదు. చిత్రానికి జవాబుగా ‘జెర్రి, హాని చేసే చీడ కాదు, మందు వద్దు’ అని రాసి ఆగడం. ప్రశ్న అడిగినవారికి ఆసక్తి ఉంటే పొడవాటి పటకారుతో చెక్కుచెదరకుండా పట్టి పంపమనడం. నమూనాను ఫార్మలిన్‌లో కాక ఆల్కహాల్‌లో ఉంచడం. ఫార్మలిన్‌లో డిఎన్‌ఏ దెబ్బతింటుంది. ఆల్కహాల్‌లో రంగు వెలిసిపోతుంది గనుక చిత్రాన్ని పారేయక జతచేయడం. చిత్రానికి ఉన్న అసలు ప్రయోజనం అదే. లెక్కించి ప్రజాతి వరకు తేల్చే పని కీటకశాస్త్ర విద్యార్థులది కావచ్చు. ఆపైన సిసిఎంబి ఉంది, అత్తాపూర్‌లో భారత జంతు సర్వేక్షణ సంస్థ కేంద్రం ఉంది. ఏరువాక కేంద్రానికొక చేతి భూతద్దం, డజను సీసాలు, బొమ్మలతో కూడిన ఒక్క పుట తెలుగు గుర్తింపు పట్టిక చాలు. ఆ ఒక్క పుట ఇంతవరకు వ్యవసాయ విద్యార్థుల చేతిలో లేకపోవడమే లోపం.

సీసాలోపల పెన్సిలుతో రాసిన చీటీ ఉండాలి. సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. దాని మీద తేదీ, చోటు, పట్టినవారి పేరు. చోటు అంటే ‘ప్రగతి నగర్’ అని మాత్రమే కాదు: చెరువు గట్టు రాతి కిందనా, మూడవ అంతస్తు కుండీలోనా, ఆ కుండీలోని మట్టి ఎక్కడిది.