‘హోల్డు’ అను మాటకు ఎన్ని చిట్టాలు?

గత సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలకు ముందు మన కంప్యూటరు ప్రయోగశాలలో జరిగిన సంగతి విద్యార్థులు మరచి ఉండరు. పరీక్షకు సిద్ధం చేసిన ప్రోగ్రాములన్నీ ఒక డేటాబేసు కూర్పుపై ఆధారపడి ఉన్నవి. ఆ కూర్పు మారరాదని ఒక విద్యార్థి ఒక ఉపకరణంలో దానికి తాళం వేసెను. మరునాడు వేరొకరు, సదుద్దేశంతోనే, మరొక ఉపకరణంతో యంత్రాలన్నిటిని నవీకరించిరి. తాళం వేసిన చోటనే ఉన్నది. డేటాబేసు మాత్రం మారిపోయినది. తప్పు ఎవరిదని ఆనాడు వాదోపవాదాలు జరిగినవి. ఇద్దరిదీ కాదని మా అభిప్రాయం.

మన యంత్రాలలోని లినక్స్, 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ కుటుంబానికి చెందినది. అందులో ప్రతి సాఫ్ట్‌వేరు ఒక ప్యాకేజిగా వచ్చును. వాటిని అమర్చే మూల ఉపకరణం డీపీకేజీ. ఏ ప్యాకేజిని ఉంచవలెనో, దేనిని తీసివేయవలెనో, దేనిని కదపరాదో అది తన చిట్టాలో వ్రాసికొనును. ‘కదపరాదు’ అనునదే హోల్డు. ఆప్ట్-గెట్ ఈ చిట్టాను చూచి మన్నించును. కాని సినాప్టిక్‌లో వేసిన తాళం సినాప్టిక్ సొంత చిట్టాలోనే ఉండును. ఆప్ట్-గెట్ దానిని చూడదు. ఆప్టిట్యూడ్ కూడా చాలాకాలం ఇట్లే తన హోల్డులను వేరుగా దాచుకొన్నది.

ఒకే చిట్టాను చదివేవాటిలోనైనా ఏకాభిప్రాయం ఉన్నదా? హోల్డులో ఉన్న ప్యాకేజిని పేరు పెట్టి అమర్చమంటే ఆప్ట్-గెట్ హెచ్చరించి అనుమతి అడుగును. అన్నిటికీ ‘సరే’ అని ముందే చెప్పి ఉంచితే, ప్రత్యేకానుమతి లేనిదే నిరాకరించును. అదే ప్యాకేజి ఫైలును నేరుగా డీపీకేజీ చేతికిస్తే మారుమాటాడక అమర్చును. యజమాని స్వయంగా కోరినప్పుడు హోల్డు అడ్డు కాదని దాని సిద్ధాంతం. అందులో న్యాయం లేకపోలేదు. మా ఆక్షేపణ ఆ మౌనం మీదనే.

వేర్వేరు రచయితలు స్వేచ్ఛగా నిర్మించిన ఉపకరణాలలో తేడాలు సహజమని కొందరందురు. నిజమే. ఈ సంచికలోనే ఉర్దూ పుటలు కుడినుండి, తెలుగు పుటలు ఎడమనుండి తెరచుకొనును. అయినను ఒక రచనను ఆపవలెనని సంపాదకవర్గం నిర్ణయిస్తే అది రెండువైపులకూ తెలియవద్దా?

దీనికి మరొక వైపు కూడా ఉన్నది, అది ఇంకను ప్రమాదకరం. హోల్డు పెట్టి మరచిన ప్యాకేజికి భద్రతా సవరణలు కూడా అందవు. హోల్డుల జాబితా చూపుమని ఆప్ట్-మార్క్‌ను అడిగితే డీపీకేజీ చిట్టాలోనివి మాత్రమే చెప్పును. సినాప్టిక్ తాళాల ఊసే ఎత్తదు. జాబితా ఖాళీగా ఉన్నదని నిశ్చింతగా ఉండుటకు వీలులేదు.

కావున కళాశాల కమిటీవారికి మా మనవి: ఇకమీదట ప్రయోగశాలలో హోల్డు పెట్టుట ఆప్ట్-మార్క్ ద్వారానే జరుగవలెను. పెట్టినవారి పేరు, తేదీ, కారణం తలుపు ప్రక్కనున్న రిజిస్టరులో వ్రాయవలెను. పరీక్షలు ముగిసిన సాయంత్రం దానిని తొలగించి, అదే వరుసలో సంతకం చేయుట కూడా వారి బాధ్యతే.