కాయ కాచే వేళ్ళు, తిమ్మిరెక్కే వేళ్ళు

ధర్మవరం నుంచి పట్టుచీరలు నేసే పాఠకులొకరు ఉత్తరం రాశారు. వయసు 46. పగలంతా మగ్గం పని. కొడుకు బెంగుళూరులో కొని ఇంట్లో వదిలి వెళ్ళిన బేస్ గిటార్ మీద నెల రోజులుగా రాత్రిపూట గంటన్నర సాధన చేస్తున్నారట. మొదట్లో వేళ్ళ కొనలు మండాయి. ఇప్పుడు తెల్లవారుజామున ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. "ఈ వయసులో ఇది తగునా? సాధన మానకుండా ఉంటే ఈ బాధ అదే పోతుందా?" అని వారి ప్రశ్నలు.

మొదటిదానికి జవాబు తేలిక. నిక్షేపంగా నేర్చుకోవచ్చు. పిల్లలంత వేగంగా వేళ్ళు తిరగకపోవచ్చు గాని, నేర్చుకునే శక్తి నలభై దాటగానే ఆగిపోదు. ఇరుగుపొరుగు నవ్వితే నవ్వనివ్వండి.

రెండవదానికి జవాబు: పోదు. ముదురుతుంది.

కొత్తగా నేర్చేవారికి రెండు రకాల బాధలు వస్తాయి. వేలి కొనల మంట చర్మానిది. కొద్ది వారాల్లో కాయ కాచి అదే తగ్గుతుంది. వీణ వాయించేవారికీ ఇది అనుభవమే. తిమ్మిరి నరానిది. మణికట్టు లోపల ఒక ఇరుకు సందు ఉంది. వేళ్ళను ముడిచే 9 స్నాయువులూ, ఒక ముఖ్యమైన నరమూ అందులోంచే పోవాలి. మణికట్టు వంచి, వేళ్ళతో గట్టిగా అదిమి పట్టుకుంటే అక్కడ ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. చర్మం కాయ కాస్తుంది గాని నరం కాయదు. అశ్రద్ధ చేస్తే బొటనవేలి పట్టు సడలుతుంది. మగ్గం మీద బతికేవారికి అది అన్నం పెట్టే చెయ్యి కదా!

బేస్ గిటార్‌కు సాధారణంగా నాలుగు లావుపాటి తీగలుంటాయి. మోగే తీగ పొడవు మామూలుగా 34 అంగుళాలు. మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టు దాకా వేళ్ళు చాచాలంటే 5 అంగుళాలు సాగాలి. అదే ఐదు నుంచి ఎనిమిదో మెట్టు దాకా అయితే 4 అంగుళాలు చాలు. కనుక పాఠం అక్కడ మొదలుపెట్టండి. 30 అంగుళాల చిన్న రకాలూ దొరుకుతాయి.

మరికొన్ని జాగ్రత్తలు:

1. పది నిమిషాలు వాయించి, ఐదు నిమిషాలు చెయ్యి వదులుగా ఉంచండి. మొదటి నెల రోజుకు అరగంట చాలు. పని దిగిన వెంటనే కూర్చోవద్దు.

2. వేలిని మెట్టుకు దగ్గరగా, కాస్త వెనక పెడితే కొద్ది ఒత్తిడితోనే స్వరం పలుకుతుంది. బొటనవేలితో వెనకనుంచి బిగించవద్దు.

3. పట్టీ కురచ చేసి వాద్యాన్ని పైకి పెట్టుకోండి. మణికట్టు వంపు తగ్గుతుంది.

4. వాద్యం బరువు సుమారు 4 కిలోలు. హిందూపురం, పెనుకొండల నుంచి బెంగుళూరు రైలెక్కి నేర్చుకోవడానికి వెళ్ళేవారు దాన్ని ఒకే భుజానికి తగిలించుకోకండి. రెండు భుజాల సంచీ వాడండి.

5. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే శబ్దం తగ్గించండి. తరువాత చెవిలో హోరు వినిపిస్తే అది హెచ్చరిక.

మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారికి ఈ తిమ్మిరి తొందరగా రావచ్చు. మధుమేహుల్లో వేలు ముడిస్తే పట్టేసి, టక్కున విడిపోయే జబ్బు కూడా ఎక్కువ. వారు ముందే పరీక్ష చేయించుకోవాలి.

మందుల షాపులో బి-కాంప్లెక్సు మాత్రలు అడిగి మింగుతూ రోజులు గడపకండి. నొప్పి మాత్ర వేసుకుని సాధనకు కూర్చోవడం అంతకన్నా తప్పు.

ఉత్తరం రాసిన ధర్మవరం పాఠకులు గిటార్‌ను ప్రస్తుతానికి గోడకు ఆనించాలి. రాత్రి మణికట్టు నిటారుగా ఉండేలా పట్టీ కట్టుకుని పడుకోవాలి. మగ్గం దగ్గర కూడా మణికట్టు వంపు గమనించుకోవాలి. రెండు మూడు వారాల్లో తిమ్మిరి తగ్గకపోయినా, చేతిలోంచి వస్తువులు జారుతున్నా నరాల వైద్యుణ్ణి చూడాలి. తగ్గితే పది నిమిషాలతో మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

హిందూపురం దగ్గర లేపాక్షి స్తంభం మీద తుంబురుడు వందల ఏళ్ళుగా వీణ దించలేదు. ఆయనవి రాతి వేళ్ళు. మీరు మాత్రం మధ్యమధ్య దించండి.