దుకాణం ఎవరిది? తాళం చెవి ఎవరి దగ్గర?

మంగళగిరి గుంటమగ్గం మీద దిగిన చీరను నేడు బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్న ఇల్లాలు సెల్‌ఫోన్‌లో చూసి కొనుక్కోగలుగుతున్నది. దళారీ ప్రమేయం లేకుండా నేసిన చీర కట్టుకునేవారి ఇంటికి చేరడం హర్షించదగిన పరిణామమే. ఇందుకోసం చేనేత సంఘాలు, మాస్టర్ వీవర్లు, చివరకు రెండు మగ్గాలున్న కుటుంబాలు కూడా ఆన్‌లైన్ దుకాణాలు పెట్టించుకుంటున్నాయి. వాటిని కట్టి ఇచ్చేవారిలో గుంటూరు, విజయవాడల్లోని చిన్న సంస్థలూ, ఇంజనీరింగ్ చదివిన ఈ ప్రాంతపు కుర్రవాళ్లూ ఉన్నారు. అయితే దుకాణం ఏ సాఫ్ట్‌వేర్ మీద కట్టాలన్నది తరచుగా కట్టేవారి సౌకర్యాన్ని బట్టే తేలిపోతున్నది. డబ్బు పెట్టేవారిని ఎవరూ అడగరు. అడిగినా ఏమని చెప్పాలో వారికి తోచదు.

ఈ సాఫ్ట్‌వేర్లు స్థూలంగా రెండు తీరులు. ఒకటి అద్దె కొట్టు వంటిది. కెనడా దేశపు షాపిఫై ఆ కోవలోనిది. 2004లో మంచు మీద జారే పలకలు అమ్ముదామని ఆన్‌లైన్ కొట్టు పెట్టిన కొందరు, తగిన సాఫ్ట్‌వేర్ దొరకక తామే రాసుకున్నారు. పలకల బేరం కన్నా ఆ సాఫ్ట్‌వేరే లాభమని గ్రహించి, 2006 నుంచి దానినే అద్దెకివ్వసాగారు. నెలనెలా అద్దె కడితే కంప్యూటర్ల బాగోగులు, మరమ్మతులు వారే చూసుకుంటారు. అద్దె ఆగితే కొట్టు మూతపడుతుంది. పైగా, కార్డు, యూపీఐ సొమ్ము వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే బయటిదైతే, గేట్‌వే కమీషన్ కాక షాపిఫైకి కూడా ప్రతి అమ్మకంపై కొంత చెల్లించుకోవాలి.

రెండవది సొంత ఇంటి వంటిది. వర్డ్‌ప్రెస్‌కు అమర్చుకునే వూకామర్స్ 2011లో వచ్చింది. దానికి ధర లేదు. కాని ‘ఉచితం’ అన్న ఈ మాటను నమ్మి చాలామంది చిక్కుల్లో పడుతున్నారు. ఇల్లు ఊరకే వచ్చినా స్థలానికి బాడుగ, పైకప్పు మరమ్మతు, తలుపుకు గడియ యజమానే పెట్టుకోవాలి. హోస్టింగ్ సొమ్ము గడువు తప్పకుండా కట్టాలి. కొత్త అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా ఎక్కించాలి. దుకాణం లెక్కలన్నిటికీ నకలు తీసి వేరేచోట దాచాలి. కట్టి ఇచ్చిన కుర్రవాడికి హైదరాబాదులో ఉద్యోగం దొరికి వెళ్లిపోతే ఈ పనులన్నీ ఎవరు చేయాలి?

అందుచేత ఖాతా పుస్తకాలు రాసే గుమస్తా తప్ప మరెవరూ లేని సంఘానికి, నెలసరి ఖర్చు ఎక్కువైనా అద్దె కొట్టే మేలు. ఊళ్లోనే ఉండి కనిపెట్టుకునే మనిషి ఉన్నచోట వూకామర్స్ నిక్షేపంగా పనిచేస్తుంది. ఈ మాట కట్టేవారికీ తెలుసు. వ్యాపారిని తెచ్చిపెట్టిన వారికి షాపిఫై పారితోషికం ఇచ్చే పద్ధతి ఉంది. పుచ్చుకోవడం తప్పు కాదు గాని, ఆ సంగతి దాచిపెట్టి సలహా ఇవ్వడం మాత్రం సబబు కాదు.

పెద్ద పేరున్న సాఫ్ట్‌వేర్ అయితే భద్రమన్న భ్రమ కూడా కూడదు. 2008లో వచ్చిన మాజెంటో ప్రపంచమంతటా పెద్ద దుకాణాలకు ఆధారమైంది. 2018లో అడోబీ సంస్థ దానిని కొనుగోలు చేసింది. దాని తొలి తరం సాఫ్ట్‌వేర్‌కు 2020 జూన్ 30తో మరమ్మతులు ఆపివేశారు. కొత్త తరానికి మారడమంటే దుకాణం దాదాపు మళ్లీ కట్టడమే కనుక ఎందరో పాతదానితోనే కాలక్షేపం చేశారు. అదే సంవత్సరం సెప్టెంబరులో, ఒక్క వారాంతంలోనే, దాదాపు 2,000 దుకాణాల్లో దొంగలు చొరబడి కొనుగోలుదారుల కార్డుల వివరాలు కాజేశారు. యాభై చీరలు అమ్ముకునే సంఘానికి ఇంత భారీ సరంజామా అంటగట్టడం ఎడ్లబండికి రైలింజను కట్టడమే అవుతుంది.

చేనేతకు మరో ప్రత్యేకమైన చిక్కు ఉంది. సబ్బుబిళ్లలైతే ఒకటి పోయినా అలాంటివి గోదాములో వంద ఉంటాయి. చీర సంగతి అలా కాదు. ఆ రంగుకు ఆ అంచు కలిసిన చీర తరచుగా ఒక్కటే ఉంటుంది. ఉదయం కొట్టుకు వచ్చిన బేరగాడు దానిని పట్టుకుపోతాడు. ఫోన్‌లో మాత్రం అది ఇంకా అమ్మకానికి ఉన్నట్లే కనిపిస్తుంది. మధ్యాహ్నానికి ఎవరో డబ్బు కట్టేస్తారు. ‘అచ్చంగా అలాంటిదే’ మళ్లీ నేసి పంపడానికి మగ్గం ఫోటో యంత్రం కాదు. డబ్బు వాపసు ఇచ్చినా ఆ కొనుగోలుదారు మళ్లీ రారు. కనుక కొట్టులో అమ్మినది వెంటనే ఆన్‌లైన్‌లోనూ తీసివేసేలా రెండిటికీ ఒకటే చిట్టా ఉండాలి. డబ్బు కట్టబోయి మధ్యలో మానుకున్నవారి కోసం వూకామర్స్ మామూలుగా 60 నిమిషాల పాటు సరుకును పట్టి ఉంచుతుంది. ఒక్క చీర విషయంలో ఆ గడువు ఎంత ఉండాలో యజమానిని అడిగి పెట్టాలి. బొమ్మల హంగులు చూపించి మెప్పు పొందేవారు ముందుగా ఇటువంటివి చూపించాలి. అసలు పరీక్ష వేరే ఉంది. గుమస్తా తన ఫోన్‌తోనే, ఎవరి సాయమూ లేకుండా, ఒక చీర ఫోటో తీసి, ధర వేసి, దుకాణంలో పెట్టగలగాలి. అది చేతకాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఆ సంఘానికి పనికిరాదు.

చట్టం సంగతి కూడా చాలామంది పట్టించుకోవడం లేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు వినే అధికారి పేరు, సంప్రదింపు వివరాలు దుకాణంలో కనిపించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. కొనుగోలుదారుల కార్డు నంబర్లు దుకాణాలు దాచుకోరాదని రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం 2022 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. గేట్‌వే వారి పేజీలోనే డబ్బు కట్టించే ఏర్పాటు ఉంటే ఈ బెడద ఉండదు.

ఇన్నింటిలోనూ ముఖ్యమైనది తాళం చెవి. దుకాణం పేరు, అంటే డొమైన్, కట్టినవారి పేరున రిజిస్టరై ఉంటే, రేపు మాట పట్టింపు వచ్చినప్పుడు బోర్డుతో సహా దుకాణం వారిదే. గేట్‌వే ఖాతా, అడ్మిన్ పాస్‌వర్డు, కొనుగోలుదారుల జాబితా సంఘం చేతిలో ఉండాలి. అద్దె కొట్టు ఖాళీ చేసేటప్పుడు సరుకు వివరాలు, కొనుగోలుదారుల జాబితా వెంట తెచ్చుకోవచ్చు గాని, అలంకరణ వెంట రాదు. ఈ సంగతి కూడా ముందే చెప్పాలి.

అడ్వాన్సు ఇవ్వకముందే ఇవన్నీ కాగితం మీద రాసుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్, ఎందుకు ఎంచారు, మొదటి ఏడాది ఎంత, రెండవ ఏడాది ఎంత, చెడితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉండాలి. చేనేత, జౌళి శాఖ జిల్లా కార్యాలయం అటువంటి ఒప్పంద పత్రం నమూనాను తేట తెలుగులో ఒక పేజీకి మించకుండా తయారుచేసి ప్రతి సంఘానికీ పంపవచ్చు. పెళ్లిళ్లు, దసరా బేరాల కోసం దుకాణాలు తెరిచే తొందర మొదలుకాకముందే ఆ పని జరగాలి.