గొళ్ళెం ఎటువైపు?

"ఇంటర్న్ అయినా ప్రాజెక్టు మొత్తాన్ని తన భుజాల మీద వేసుకుని నడిపించింది" అని ఒక సర్టిఫికెట్‌లో రాశాను. మెచ్చుకోలుగానే రాశాను, సంతకమూ పెట్టాను. హైదరాబాద్‌లో, ఇల్లు వదిలి రావాల్సి వచ్చిన స్త్రీల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే వసతి గృహానికి నేను సలహా సంఘం సభ్యురాలిని. ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

భవనం పాతది. వానాకాలం వస్తే పై అంతస్తు గోడలు చెమ్మపట్టి పెచ్చులూడతాయి. ఒక కంపెనీ డబ్బిచ్చింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. స్త్రీల వసతి గృహాలు ఆ జాబితాలో ఉన్నాయి. మరి ఇల్లు బాగుచేయించే పని ఎవరికి అప్పజెప్పాం? సోషల్ వర్క్ చదువుతున్న ఇరవై రెండేళ్ళ అమ్మాయికి. జీతం లేదు, బస్సు చార్జీలు కూడా లేవు. హోదా మాత్రం "ప్రాజెక్ట్ లీడ్".

ఏం హోదా అది? మేస్త్రీ "సార్‌ని రమ్మనండమ్మా" అనేవాడు. సిమెంటు బస్తా కొనాలన్నా చెక్కు మీద కార్యదర్శి సంతకం కావాలి. ఆయన ఊళ్ళో లేని రోజున కూలీలకు తన పర్సులోంచి ఇచ్చింది. పని ఆగితే సంజాయిషీ మాత్రం ఆమెదే. ఇల్లంతా నీదే అంటూ బీరువా తాళం తన జేబులో వేసుకునే భర్త గురించి మనం ఎన్ని కథలు రాశాం! అలాంటి ఇళ్ళలోంచి బయటపడ్డ వాళ్ళ చోట మనం అదే కాపురం చేయిస్తున్నాం. "నేర్చుకుంటుంది కదా" అంటారు. (పరిశోధన రోజుల్లో ఇంకొకరి సెమినార్‌కి కుర్చీలు సర్దుతుంటే నాకూ ఈ మాటే చెప్పారు.) సంస్థకి డబ్బెక్కడిదంటారా? మేస్త్రీకి ఇచ్చారు, పెయింటర్‌కి ఇచ్చారు, కాంట్రాక్టర్‌కి ఇచ్చారు. అందరి పనీ చూసిన మనిషికే లేకపోయింది.

ఆ అమ్మాయి మేమెవరం చేయని పని ఒకటి చేసింది. వంటింట్లో కూర్చుని, ఇంట్లో ఏం మార్చాలో అక్కడుండే వాళ్ళనే అడిగింది. రంగులు ఎవరూ అడగలేదు. కోర్టు కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు దాచుకోవడానికి తాళం పడే పెట్టెలు అడిగారు. అంతకంటే ముందు, బాత్రూములకి లోపలి గొళ్ళెం అడిగారు. ఉన్నవన్నీ బయటివైపే. లోపల పెట్టుకుని ఎవరైనా ప్రాణం తీసుకుంటారేమోనని వార్డెన్ భయం. అది ఉత్త భయమని నేననను. కానీ లోపల వేసుకున్నా అవసరమైతే బయటనుంచి తీయగలిగే తాళాలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. ఒక పెద్దావిడ అన్న మాట ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో ఉంది: "మా ఆయన తలుపు తోసుకొని వచ్చేటోడు బిడ్డా. ఈడ గూడ తలుపు దిక్కే సూస్కుంట తానం జెయ్యాల్నా?"

జాబితా కమిటీ ముందుకొచ్చింది. కంపెనీ వాళ్ళకి "ముందు, తర్వాత" ఫొటోలు కావాలి. ఫొటోలో గొళ్ళెం ఏం కనిపిస్తుంది? వీధి వైపు గోడ మీద పంజరంలోంచి ఎగిరే పక్షిని వేయించారు. ఆ మీటింగులో నేనున్నాను. ఆ పక్షికి ఏ రంగైతే బావుంటుందో కూడా చెప్పాను.

వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీకి సొంత గదితోపాటు ఏడాదికి ఐదు వందల పౌండ్లు, తలుపుకి తాళం కూడా కావాలంది. ఏళ్ళ తరబడి ఆ పాఠం చెప్తూ నేను గది దగ్గరే ఆగిపోయాను. ఆ అమ్మాయికి డబ్బు లేదు, వాళ్ళకి తాళం లేదు. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ స్త్రీకి తాను కాపురమున్న ఇంట్లోనే ఉండే హక్కునిచ్చింది. ఆ హక్కు దక్కక ఇక్కడికి వచ్చిన మనిషికి మనం పెట్టేది భిక్ష కాదు.

పోయిన వారం వెళ్ళాను. బాత్రూమ్ తలుపుకి లోపలివైపు ఎవరో మేకు కొట్టి చీర అంచు ముక్క కట్టుకున్నారు. సోమవారం కొత్త ఇంటర్న్ చేరుతోందట, మెట్ల పని ఆమెకట. ఆమె జీతమెంతో, గొళ్ళాలెప్పుడో మినిట్స్ పుస్తకంలోకి ఎక్కేదాకా ఆ కమిటీలో ఏ కాగితం మీదా సంతకం పెట్టనని చెప్పి వచ్చాను.