అద్దెకివ్వండి, సిమెంటు మాత్రం పూయనివ్వకండి

మౌంట్ రోడ్డు పక్కన జాన్ బిన్నీ దొర బంగళా ఉన్నచోట 1854లో ఇంపీరియల్ హోటల్ వెలిసింది. 1890లో కన్నెమరా అయింది. దొర పేరు మాత్రం బిన్నీ రోడ్డుకు మిగిలింది.

జార్జిటౌనులో, మైలాపూరులో మన సభ్యుల పాత ఇళ్లూ కొట్లవుతున్నాయి. తప్పేం లేదంటాం, అద్దె రాకపోతే మిద్దె మరమ్మతు ఎవరు చేయిస్తారు? మా భయమంతా సిమెంటుతోనే. గుల్లసున్నం గోడ చెమ్మను పీల్చి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండి గోడ పెచ్చులూడుతుంది. టేకు దూలాల మీద ఇటుకలు ఏటవాలుగా నిలబెట్టి వేసిన మద్రాసు మిద్దె కాంక్రీటు బరువు మోయలేదు.

అద్దె పత్రంలో ఒక్క ముక్క రాయించండి: మరమ్మతు సున్నంతోనే. షాపువాళ్లు గొణుగుతారు, గొణగనివ్వండి.