పేరు చెడగొట్టిందొకరు, జరిమానా కట్టేదొకరు!

మా పల్లెలో ఒక తమ్ముడు అప్పుచేసి ట్రాలీ ఆటో కొన్నాడు. ఒక కంపెనీకి సరుకు తోలాడు. 40 వేల బిల్లు. చేతికొచ్చింది 32 వేలు. మిగతా 8 వేలేవయ్యా అంటే, ‘నీ పాన్ కార్డు చెల్లదు, నూటికి 20 పన్ను పట్టాం’ అన్నారు. పాన్ బాగుంటే ఇంత కోత పడేదే కాదు.

పాన్ ఎందుకు చెల్లదు? ఆధార్‌తో కలపలేదు. ఎందుకు కలపలేదు? కలిపితే కలిస్తే గదా! పాన్‌లో ఇంటిపేరుతో సహా ఉంది, ఆధార్‌లో పిలుపు పేరే ఉంది. ఒకదాంట్లో పుట్టింది జూన్ 1న, రెండోదాంట్లో జనవరి 1న.

నేను బడిపంతుల్ని. నా పుట్టినరోజు కూడా మా హెడ్మాస్టరు పెట్టిందే. పాత రిజిస్టర్లు తిరగేసి చూశాను. పెద్దకులాల పిల్లలకు ఇంటిపేరు, తాత పేరు, తోక పేరు పొందిగ్గా రాసిన చేయే, మన పిల్లల దగ్గరకొచ్చేసరికి వీధిలో పిలిచే పేరు గిలికి పారేసింది. అడగడానికి మన అమ్మానాన్నలకు చదువు లేదు. ఆ గిలుకుడే ఇవాళ మన మెడకు చుట్టుకుంది.

పాన్‌ను ఆధార్‌తో కలపాలని 2017లో చట్టం చేశారు. 2018లో సుప్రీంకోర్టు సరేనంది. 2022 ఏప్రిల్ నుంచి 500, జులై నుంచి వెయ్యి జరిమానా వేశారు. 2023 జూన్ 30తో గడువు ముగిసింది. కలపని పాన్ చెల్లదన్నారు, రావాల్సిన రీఫండ్ ఆపారు. ఆ తర్వాత ఏడు నెలల్లో ఈ జరిమానా కింద 600 కోట్లకు పైగా వసూలైందని 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది.

దొంగ పాన్లతో పన్ను ఎగ్గొట్టేవాళ్లను పట్టడానికేనంటారు. పట్టండి, ఎవరొద్దన్నారు? కానీ వాళ్ల పేరులో ఒక్క అక్షరం తప్పినా సరిచేసే ఆడిటర్లున్నారు. మనకెవరున్నారు? కూలిదినం పోగొట్టుకుని మీసేవ ముందు నిలబడ్డమే గదా!

ఇంకో మాట. మనం చెప్పులు కొన్నా, సబ్బు కొన్నా పన్ను కడుతున్నాం. అప్పుడు ‘నువ్వెవరు?’ అని ఒక్కడూ అడగడు. మన డబ్బు మనకు తిరిగి రావాల్సినప్పుడే నువ్వు నువ్వేనని రుజువు చూపమంటారు. ఇదేం న్యాయం?

అన్నలారా, అక్కలారా! కోపం ఉంచుకోండి, పని కూడా చేసుకోండి. ముందు బడి సర్టిఫికెట్, ఆధార్, పాన్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. ఏ పేరు నిలబెట్టాలో కాగితం మీద రాసుకున్నాకే సెంటరుకు పోండి. ఎందుకంటే ఆధార్‌లో పేరు రెండుసార్లే మారుస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. పేర్లు కలవకపోతే పాన్ సేవా కేంద్రాల్లో వేలిముద్రతో కలిపే వీలుంది. బ్రోకరుకు వేలకు వేలు పోయకండి. ప్రతి రసీదూ దాచుకోండి. కోత పడ్డవాళ్లు పాన్ బాగుచేయించుకుని, గడువులోగా రిటర్ను వేసి డబ్బు అడగండి. చదువుకున్న పిల్లలు ఆదివారం పల్లెలో కూర్చుని పదిమంది కాగితాలు చూడాలి.

మన డిమాండు ఒక్కటే. రాసినవాడి తప్పుకు మోసేవాడికి జరిమానా వద్దు. పల్లెకొచ్చి ఉచితంగా సరిచేయాలి. మనమెవరమో మనకు తెలుసు. తప్పు రాసిన రిజిస్టర్లనే దిద్దమంటున్నాం.